నా పేరు మీద పోయిన మాట

జిల్లా పేరు మారిన ఎండాకాలం అది. ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున కర్నూలు జిల్లాలో నిద్రలేచిన నంద్యాల, మధ్యాహ్నానికి తానే ఒక జిల్లా అయి కూర్చుంది. దాంతో ఎవరికి ఏం ఒరిగిందో నాకు తెలీదు గానీ, బోర్డులు చేసే మాకు మాత్రం అన్నం తినే తీరిక లేకుండా పోయింది. బడులు, రైసుమిల్లులు, మందులంగళ్లు, ఆఖరికి బట్టలు కుట్టేవాళ్లు కూడా బోర్డు కింద ‘కర్నూలు జిల్లా’ తీసేసి ‘నంద్యాల జిల్లా’ అని పెట్టించుకోవాలని వరసగా వచ్చి నిలబడినారు.

మా అంగడి సంజీవనగర్‌లో. పేరు వందన ఆర్ట్స్. వందన మా కూతురు. మా ఆయన ఫ్రాన్సిస్ బేరాలు మాట్లాడతాడు, కొలతలు తెస్తాడు, నిచ్చెనెక్కి బోర్డులు బిగిస్తాడు. కంప్యూటర్ ముందు కూర్చునేది నేను. అక్షరాలు పేర్చి, వంకరలు సరిచేసి కటింగ్ మిషనుకు పంపితే, అది స్టిక్కరు షీటు మీద సన్న కత్తితో అక్షరం అక్షరం కోసి ఇస్తుంది. పదమూడేండ్లుగా ఒకటే సాఫ్ట్‌వేర్ మీద పని. నంద్యాలలో దాన్ని మొదట కొన్నది మేమే. లైసెన్సు కూడా ‘ఎస్తేరు’ అని నా పేరు మీదే ఉండేది.

అప్పటికి నాకు చూపు తగ్గిపోతా ఉంది. స్టిక్కరు చుట్ట అయిపోయినాక లోపల అట్ట గొట్టం మిగులుతుంది చూడండి, ఆ గొట్టంలో నుంచి చూస్తే ఎట్ల ఉంటుందో నాకు లోకం అట్ల ఉండేది. నడిమి భాగం బాగానే కనపడేది. చుట్టూరా మాత్రం ఏమీ లేదు. పొద్దు గూకితే ఆ నడిమిది కూడా మసకే. మూడేండ్ల కింద చర్చిలో కంటి శిబిరం పెట్టినప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. “ఇది మందులకు తగ్గేది కాదమ్మా. అంచుల నుంచి నడిమికి వస్తుంది. ఎంత బేగా వస్తుందో చెప్పలేం.”

మా అమ్మకూ ఇదే ఉండింది. నలభై ఐదేండ్లకే ఆమె చేతిలో నుంచి చీపురు, కత్తి, గరిటె ఒక్కొక్కటే తీసుకున్నారు. ప్రేమతోనే తీసుకున్నారు. చివరికి ఆమెకు మంచం ఒక్కటి మిగిలింది. అందుకే డాక్టరమ్మ ఇచ్చిన చీటీని నా బైబిల్లో పెట్టుకున్నా. ఎవరికీ చెప్పలేదు.

మరి పని ఎట్ల చేస్తాంటివి అంటారేమో. చేతితో. నేను తెర మీద పనిముట్ల బొమ్మలు వెతుక్కునేదాన్ని కాదు. చెయ్యి దానంతట అదే పోయేది. కుడి పక్క వరసలో పైనుంచి నాలుగోది నొక్కితే ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలన్నీ కలిసిపోతాయి. తెలుగులో అది లేకుండా పని కాదు. అక్షరానికి ఒత్తు తగిలిన ప్రతిచోటా రెండు గీతలు ఒకదాన్ని ఒకటి దాటతాయి, కలపకపోతే కత్తి అడ్డంగా కోసేస్తుంది. ఆ నాలుగో బొమ్మను రోజుకు రెండు మూడు వందల సార్లు నొక్కేదాన్నేమో, ఒక్కసారి కూడా దాని మొహం చూసిన గుర్తు లేదు.

ఏప్రిల్ నెలాఖరులో ఒక పొద్దున కంప్యూటర్ పెట్టేసరికి అంతా మారిపోయి ఉంది.

“ఏందయ్యా ఇది?” అని అరిచినాను.

ఫ్రాన్సిస్ బయట ఇనుప చట్రానికి రంగు కొడతాండాడు. తొంగి చూసి, “కొత్తది వచ్చిందంట. పాతది ఈ నెలతో ఆగిపోతాదంట. వేసినా” అన్నాడు.

“నన్ను ఒక మాట అడగాల గదా?”

“అడిగితే మాత్రం ఆగుతాదా? వాళ్లు ఆపేస్తారు.”

కుడి పక్క వరస ఎడమకు పోయింది. నల్ల గీతల బొమ్మలు పోయి అన్నీ బూడిద రంగు అయినాయి. కొన్ని ఒకదాని కడుపులో ఒకటి దాక్కున్నాయి. ఇంతకుముందు ఒక్క నొక్కుతో అయ్యే పనికి ఇప్పుడు మూడు నొక్కులు. ఒక సమితి పేరు కోయడానికి ఆ పొద్దు నాకు గంటన్నర పట్టింది. తెర మీద నా చిన్న వెలుగు ముక్కను తిప్పుకుంటా, దొంగ బ్యాటరీ లైటు వేసుకుని వెతికినట్టు వెతికినాను, అదీ పదమూడేండ్లు కాపురం చేసిన ఇంట్లో.

మా బోర్డులోళ్లకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. వెలుగోడు నుంచి ఆళ్లగడ్డ దాకా అందరూ ఉంటారు. ఆ వారం అందులో ఒకటే గోల. వెలుగోడాయన ఒకడు, “ఆడోళ్లు పుట్టింటికి పోయినప్పుడు వంటింట్లో ఉప్పు వెతికినట్టుంది నా బతుకు” అని పెట్టినాడు. ఆళ్లగడ్డ హరీష్, “బొమ్మలన్నీ బూడిద పూసుకున్న బైరాగుల మాదిరుండాయి. ఎవురు ఎవురో తెల్లే” అన్నాడు. కుర్రోళ్లు కొందరు, “వారం వాడితే అలవాటైపోతాది లే అన్నా” అన్నారు. వాళ్లతో తక్కినవాళ్లు కొట్లాడినారు.

ఆ గ్రూపులోనే కంపెనీ తరఫున తిరిగే శ్యాంసుందర్ కూడా ఉంటాడు. కర్నూలాయన. మంచి మాటకారి. ఆయన రాసినాడు: “మీ అభిప్రాయాలే మాకు ముఖ్యం. పాత రూపం కావాలని ఎక్కువమంది అడిగితే, దాన్ని ఒక బటన్ కింద ఉంచుతాం. కావాల్సినవాళ్లు అది నొక్కి పాతదే వాడుకోవచ్చు. మే నెలాఖరులోపల ఎవరి లైసెన్సు నుంచి వాళ్లు కంపెనీ సైట్‌లో రాయండి.”

ఆ మాట చదివినాక నాకు ఊపిరాడింది. వందన పదో తరగతి పరీక్షలు అయిపోయి ఇంట్లోనే ఉంది. దాన్ని కూర్చోబెట్టి చెప్పినాను. నేను చెప్తాంటే అది టైపు చేసింది.

‘అయ్యా, మీ కొత్త రూపం బాగుందో లేదో నేను చెప్పను. మేము ఈ పని కంటితో కాదు, చేతితో నేర్చుకున్నాం. వస్తువు పెట్టిన చోటే ఉంటుందని నమ్మి పని చేసేవాళ్లు మీకు చాలామంది ఉన్నారు. కొత్తది కావాల్సినవాళ్లకు కొత్తది ఇవ్వండి. మాకు పాత రూపం ఉంచండి. ఇది మాకు సోకు కాదు, బువ్వ.’

“బువ్వ అనే పెట్టాల్నా మా?” అని అడిగింది వందన.

“అదే పెట్టు.”

ఆ ఉత్తరాన్నే గ్రూపులో కూడా వేసినాను. సాయంత్రానికి హరీష్ ఫోన్ చేసినాడు. “ఎస్తేరక్కా, మా కడుపులో మాట రాసినావు. నీ ఉత్తరం కిందనే మేమంతా పేర్లు పెడతాం. ఒక్కొక్కరం రాస్తే వాళ్ల కంటికి ఆనదు.” మూడు రోజుల్లో నలభై ఒక్క పేర్లు చేరినాయి. జూన్ మొదటి వారంలో ఏ సంగతో చెప్తామని కంపెనీ నుంచి జవాబు వచ్చింది. ఆ నెల రోజులు ఎట్లనో నెట్టుకొస్తే చాలనుకున్నాను.

నెట్టుకురాలేకపోయినాను.

ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కే ఓబులేసన్న మాకు పాత గిరాకీ. శిలాఫలకాలకు, సమాధి రాళ్లకు పేర్లు కోసి పంపేది మేమే. రబ్బరు షీటు మీద నేను అక్షరాలు కోసి పంపితే, ఆయన దాన్ని రాతికి అతికించి ఇసుక పొడిని గాలితో కొడతాడు. రబ్బరు లేని చోట రాయి గుంత పడి, అక్షరమై మిగులుతుంది. మే మూడో వారంలో పెద్ద రాయి ఒకటి వచ్చింది. మద్దిలేటి రెడ్డి అనే రైతు వాళ్లమ్మ కమలాక్షమ్మ పేరు మీద ఊళ్లో బస్సు షెల్టరు కట్టించినాడు. ఆదివారం ఆమె సంవత్సరీకం, ఆ పొద్దే రాయి నిలబెట్టాల.

కోత అయిపోయిన వెంటనే ఫ్రాన్సిస్ బస్సుకు టైమైందని వచ్చి, మిషను మీద నుంచి షీటు చుట్టుకుని పోయినాడు. నాకు ఎప్పుడూ ఒక అలవాటు. కోసినాక వేళ్లతో ఒకసారి తడిమి చూసుకుంటాను. ఆ పొద్దు తడమలేదు.

రెండో రోజు ఓబులేసన్న ఫోన్ చేసినాడు. “ఎస్తేరమ్మా, ఒకసారి వచ్చిపోమ్మా.” ఇంకేం చెప్పలేదు. ఫ్రాన్సిస్ బనగానపల్లెలో బోర్డు బిగిస్తాండాడు. నేనే బస్సెక్కినాను. ఆళ్లగడ్డలో దిగి, రోడ్డు పొడుగునా నిలబెట్టిన రాతి దేవుళ్ల మధ్య అడుగులో అడుగు వేసుకుంటా పోయినాను. రేకుల కొట్టంలో ఓబులేసన్న, పక్కన తెల్లచొక్కా మనిషి, నడుమ నల్లరాయి.

నా వెలుగు ముక్కలో మొదట ‘క’ కనపడింది. తర్వాత ‘మలా’. బాగానే ఉంది అనుకున్నా. తర్వాత ‘క’. తర్వాత ‘మ’. ఆ పక్కన ఖాళీ.

కమలాకమ.

కింది వరస చూసినాను. ‘జ్ఞాపకార్థం’ ఉండాల్సిన చోట ‘జాపకారం’.

ఒక్క ఒత్తు కూడా లేదు. ఒత్తు ఉండాల్సిన చోటల్లా అక్షరం కింద ఎలుక కొరికినట్టు చిన్న గాటు మిగిలింది. కలిపే బొమ్మ ఉండే చోటుకు కొత్త రూపంలో ఇంకొకటి వచ్చి కూర్చుంది. అది కలపదు, తొలుస్తుంది. కొత్త చోట్లు నేర్చుకుంటా ఉన్నా, తొందరలో నా చెయ్యి పాత దారిలోనే పోయింది.

ఆ తెల్లచొక్కా మనిషి, మద్దిలేటి రెడ్డి, అరవలేదు. అరిచింటే బాగుండేది. “మా అమ్మ పేరులో అమ్మ లేకుండా చేస్తిరి గదమ్మా” అన్నాడు. కండువాతో మొహం తుడుచుకుని బయటికి పోయినాడు.

“నువ్వయినా చూడలేదా అన్నా?” అన్నాను ఓబులేసన్నతో. నా గొంతు నాకే అసయ్యంగా వినపడింది.

“నువ్వు పంపించినాక నేనేం చూస్తానమ్మా? పన్నెండేండ్ల నుంచి చూడలే. లోతు నాది, అక్షరం నీది అనుకుంటి.”

నేను వంగి వేళ్లతో ‘మ’ను తడుముతాండా. ఎడమ నుంచి కుడికి, మళ్లీ కింద గాటు దగ్గరికి. ఆయన నన్నే చూస్తాండాడని కొంచెం సేపటికి గాని తెలీలేదు.

“ఎన్నాళ్ల నుంచి?” అన్నాడు మెల్లగా.

“ఏంది?”

“మా నాయన గూడా ఆఖర్లో ఇట్లనే తడిమేటోడు. కండ్లు పోయినాక.”

దాచిన మాట ముందు ఆయనకు చెప్తాననుకోలేదు. చెప్పినాను. చీటీ సంగతి, మా అమ్మ సంగతి అంతా. ఆయన బీడీ ముట్టించుకోకుండా చేతిలోనే పట్టుకుని విన్నాడు.

“ఫ్రాన్సిస్‌కు తెల్సా?”

“తెలీదన్నా.”

“ఒకే ఇంట్లో ఉంటా తెలీకుండా ఉంటాదా?” అన్నాడు. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆయన కొత్త రాయి తీసినాడు. కంప్యూటర్ లేదు, రబ్బరు లేదు. పెద్ద కాగితం మీద నేను పెన్సిలుతో కమలాక్షమ్మ పేరు రాసినాను. మొహం కాగితానికి ఆనించి, ఒక్కొక్క ఒత్తూ దిద్ది రాసినాను. ఆయన ఉలితో చెక్కినాడు. ఆదివారం రాయి నిలబడింది. మద్దిలేటి రెడ్డి నాకు ఫోన్ చేయలేదు. చేస్తాడని నేనూ అనుకోలేదు.

ఆ సంగతి ఫ్రాన్సిస్‌కు చెప్తే, “ఆ పొద్దు తొందర నాదే లే” అన్నాడు. తిట్టలేదు. ఎందుకు తిట్టలేదబ్బా అని నాకు రావాల్సిన అనుమానం రాలేదు.

జూన్ మొదటి వారం వచ్చింది. కంపెనీ నుంచి ఏ కబురూ లేదు. గ్రూపు కూడా చల్లబడింది. నేనేదైనా రాస్తే జవాబు ఇచ్చేవాళ్లు లేరు. హరీష్‌కు ఫోన్ చేస్తే, “పనిలో ఉండా లేక్కా” అని పెట్టేసినాడు.

ఒకనాడు మధ్యాహ్నం ఫ్రాన్సిస్ పెన్‌డ్రైవ్ తెచ్చి, “ఇందులో పోస్టరుంది. ఎనిమిదడుగులకు పెట్టి ప్రింటుకు పంపు. బేగా కావాల” అని చెప్పి మిషను కత్తి మార్చడానికి కూర్చున్నాడు. తెరిచినాను. పెద్ద బొమ్మలు నేను ఒక్క చూపులో చూడలేను, మూల నుంచి మూలకు జరుపుకుంటా చదవాల. పైన కంపెనీ గుర్తు. కింద ‘నంద్యాల జిల్లా అధికారిక శిక్షణ కేంద్రం’. ఇంకొంచెం కింద ‘వందన ఆర్ట్స్’.

మాకు ట్రైనింగ్ సెంటర్ వచ్చిందా? చెప్పనే లేదే, అనుకుంటా పక్కకు జరిపినాను. ఒక చీర కొంగు. నీలం పూలది. అట్లాంటిది నాకూ ఉంది. పైకి జరిపితే మెడ, గొలుసు, తర్వాత మొహం. నాదే. ఎప్పటిదో పాత ఫోటో కాదు, మొన్న ఈస్టర్‌కు తీసిందే. మొహం పక్కన అక్షరాలు.

‘పదమూడేళ్లుగా’

‘వాడుతున్నాను.’

‘కొత్త రూపం’

‘నా పని ఎంతో’

‘సులువు చేసింది.’

‘— ఎస్తేరు, సీనియర్ యూజర్.’

ఒక్కో మాటా గొట్టంలోకి వచ్చి పోయింది. మళ్లీ మొదటి నుంచి చదివినాను. మా ఆయన వెనక కత్తిని స్క్రూతో బిగిస్తా, ఏదో చర్చి పాట సన్నగా పాడుకుంటాండాడు.

“ఈ మాట ఎవురు రాసినారు?” అన్నాను.

“ఏది?”

“నేను కొత్త రూపాన్ని మెచ్చుకున్నానంట.”

పాట ఆగింది. కొంచెం సేపు స్క్రూ తిరిగిన చప్పుడు. “శ్యాంసుందర్ ఫోన్ చేసినాడు. నీ ఉత్తరం కింద నలభై మంది చేరినారు, పైనోళ్లకు మొహం చూపలేకుండా ఉండా అన్నాడు. మొదట రాసినామె మాట మార్చుకుంటే తక్కినవి వాటంతట అవే పడిపోతాయంట. జిల్లాకంతా ట్రైనింగ్ సెంటర్ మనకే ఇస్తానన్నాడు. లైసెన్సు పాస్‌వర్డు నా ఫోన్లో ఉంది గదా.”

“అందుకని నా మాట తీసేసి నువ్వు రాసినావు.”

“కంప్యూటర్లో ఒక మాట ఎస్తేరూ. ఎవురు చదువుతారు?”

“నలభై ఒక్క మంది చదివింటారు. అందుకే హరీష్ నాతో మాట్లాడలే.”

ఆయన మళ్లీ స్క్రూ బిగించబోయినాడు.

“నాకు ఆ పాత రూపం ఎందుకు కావాల్నో నీకు తెల్సా?” అన్నాను. ఇప్పుడు చెప్పేద్దామని, చెప్తే ఈ మనిషి కూలబడిపోతాడని అనుకున్నాను.

“తెల్సు” అన్నాడు.

కత్తి పక్కన పెట్టి, నా వైపు తిరిగి చెప్పినాడు. “నాలుగేండ్ల నుంచి తెల్సు. నువ్వు బియ్యంలో రాళ్లు ఏరేది మానేసినప్పుడే తెల్సింది. పక్కన నిలబడి చెయ్యి చాపితే కానవు. పొద్దు గూకితే గడప దాటవు. నువ్వు దాచుకుంటాంటివి. నేనూ అడగలే.”

నాకు డాక్టరమ్మ చెప్పింది మూడేండ్ల కింద.

“తెల్సి గూడా ఇట్ల రాసినావా?”

“తెల్సు గాబట్టే రాసినా. ఆ కుర్చీలో ఇంకెన్నాళ్లు కూర్చుంటావు? రెండేండ్లా, మూడేండ్లా? నీ తర్వాత అంగడి ఉండాల్నా వద్దా? సెంటరుంటే నాలుగు ఊర్లోళ్లు వస్తారు, పని తెలిసినోళ్లు దొరుకుతారు. నేను మనకోసమే గదా చేసింది.” తర్వాత, గొంతు తగ్గించి, “నువ్వు మాత్రం నాతో చెప్పినావా?” అన్నాడు.

చెప్పలేదు, నిజమే. కానీ ఒకటే తిరుగుతాండింది తలలో. నాలుగేండ్లుగా, నా కండ్లు పోతాండాయని తెలిసి, నా ముందు పని తెచ్చి పెడతా, “ఈ ఒత్తు కొంచెం లావు చెయ్” అంటా, పక్కన నిలబడి చూసినాడు ఈ మనిషి. డాక్టరు దగ్గరికి పోదాం రా అని ఒక్కనాడు అనలేదు. పని జరుగుతా ఉంది గదా.

పోస్టరును ఎనిమిదడుగులకు పెట్టి ప్రింటుకు పంపినాను. ఎందుకు పంపినావు మా అని వందన తర్వాత చాలాసార్లు అడిగింది. ఏమో. చేతికి పని వస్తే చేసే అలవాటు.

జూన్ పందొమ్మిదిన ఒక ఫంక్షన్ హాల్లో సెంటరు ప్రారంభం. ఆత్మకూరు, కోవెలకుంట్ల, వెలుగోడు, ఆళ్లగడ్డ, అన్ని ఊర్ల బోర్డులోళ్లు వచ్చినారు. గేటు దగ్గరే నా మొహం నిలబడి ఉంది. హరీష్ నన్ను చూసి పక్కకు తిరిగిపోయినాడు. శ్యాంసుందర్ మైకు తీసుకుని, “మన జిల్లాలో అందరికంటే సీనియర్ యూజర్ ఎస్తేరు మేడం. కొత్త రూపంలో ఒక పేరు కోసి చూపిస్తారు” అన్నాడు. చప్పట్లు కొట్టినారు. ఫ్రాన్సిస్ నన్ను చూసి, పోవద్దు అన్నట్టో, జాగ్రత్త అన్నట్టో తల ఊపినాడు.

పోయినాను. మెట్టు తగిలి తూలినా గానీ పడలేదు. కంప్యూటర్ దగ్గర కూర్చోకుండా మైకు అడిగి తీసుకున్నాను.

“గేటు దగ్గర ఉండే మాట నాది కాదు. నా మాట మే నెలలో రాసినా. మీరంతా దాని కింద పేర్లు పెట్టినారు. నేను దాన్ని వెనక్కి తీసుకోలేదు. నా పేరు మీద వేరేవాళ్లు తీసుకున్నారు.” వేళ్లు గుండ్రంగా పట్టి కంటికి పెట్టుకున్నాను. “నాకు కనపడేది ఇంతే. బొమ్మలు యాడుండేవి ఆడే ఉంటే ఇంకొన్ని నాళ్లు పని చేసుకుంటా అని అడిగినా. అంతే.”

ఎవరు వేరేవాళ్లు అని ఎవరూ అడగలేదు. అందరూ ఒకే వైపు చూసింటారు. నాకు ఆ వైపు కనపడదు.

హరీష్ వచ్చి, “అక్కా, నేను నిన్ను శానా తప్పుగా అనుకుంటి” అని చేతులు పట్టుకున్నాడు. వెలుగోడాయన కండ్లు తుడుచుకున్నాడు. శ్యాంసుందర్ మైకు తీసుకుని, మేడం మాటను పై వాళ్లకు చేరవేస్తానన్నాడు. తర్వాత భోజనాలు పెట్టినారు. తిని, అందరూ లోపలికి పోయి వరసగా కూర్చుని కొత్త రూపం నేర్చుకున్నారు. హరీష్ కూడా. వాళ్లను తప్పు పట్టను. సోమవారం పొద్దున వాళ్ల అంగళ్లు తెరవాల గదా.

కంపెనీ పోస్టరులో నా ఫోటో తీసేసింది. పాత రూపం బటన్ మాత్రం రాలేదు. ‘మీ అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం’ అని ఒక ఉత్తరం వచ్చింది, అంతే. సెంటరు మాకే ఉంది, బాగా నడుస్తాంది కూడా. వందన వాళ్ల నాయనతో రెండు నెలలు మాట్లాడలేదు. కాలేజీలో చేరినాక ఫీజుల కోసం మాట్లాడక తప్పలేదు.

నేను ఓబులేసన్న దగ్గర పనికి చేరినాను. వారానికి మూడు రోజులు పొద్దున బస్సుకు ఆళ్లగడ్డ పోయి, వెలుగుండగానే తిరిగొస్తా. యాడ నుంచి వచ్చిన షీటయినా సరే, రాయి మీద అతికించినాక నేను తడిమి చూడందే ఆయన గాలి పెట్టడు. పెద్ద రాళ్లకు కాగితం మీద అక్షరాలు నేనే రాస్తాను.

ఆగస్టులో పెద్దాసుపత్రికి పోయినాం, చూపు లోపం సర్టిఫికెట్ కోసం. ఫ్రాన్సిసే అన్నీ తెలుసుకుని, కాగితాలు సిద్ధం చేసి, ఆటో పిలిచినాడు. ఆ రెండు నెలలుగా అన్నీ ఆయనే చేస్తాండాడు, అడగకముందే.

డాక్టరు చిన్న వయసాయన. నా కండ్లలో లైటు వేసి చూసి, రాసుకుంటా, “ఎప్పటి నుంచి ఇట్ల ఉంది?” అన్నాడు.

ఫ్రాన్సిస్ నా వైపు తిరిగినాడు, నేను చెప్తానని.

“ఆయన్ను అడగండి సార్” అన్నాను. “ఆయనకే బాగా తెల్సు.”

ఫ్రాన్సిస్ కాగితాలు సర్దుకున్నాడు. “నాలుగేండ్ల నుంచి సార్.”

“నాలుగేండ్ల నుంచి తెలిసి ఇప్పుడు తీసుకొస్తారా?”

“పని ఉండె సార్” అన్నాడు.

డాక్టరు తలెత్తి ఆయన్ను ఒకసారి చూసి, మళ్లీ రాసుకున్నాడు. ఆ మాట ఆయన నోటితో ఇంకొకరి ముందు వినాలని ఎన్నాళ్ల నుంచో అనుకున్నా. విన్నాక ఏమీ తగ్గలేదు.

బయట వరండా చీకటిగా ఉంది. ఎండలో నుంచి వచ్చినవాళ్లకే అంత చీకటైతే ఇంక నాకు చెప్పేదేముంది. ఫ్రాన్సిస్ నా ముందు చెయ్యి చాపినాడు. చాపినాడని తెలుసు, ఆ చొక్కాకు అంటిన రంగుల వాసన నాకు తెలుసు. నేను గోడ మీద చెయ్యి వేసి నడిచినాను. చివర మెట్లు పదకొండు. ఎక్కేటప్పుడే లెక్క పెట్టుకున్నాను.